ఉత్సాహం మీద ఒక గృహస్థు అర్జీ

అయ్యా,

నేను ఇంటి పన్ను ఎగ్గొట్టినవాణ్ణి కాను. కరెంటు బిల్లు గడువుకు ముందే కడతాను. కాలనీ సంఘానికి నయాపైసా బాకీ లేను. ఇంట్లో గొంతు పెంచి మాట్లాడిన చరిత్ర లేదు. అవకాశం రాలేదనుకోండి, అది వేరే సంగతి. ఇంతటి సాధుజీవిని పట్టుకుని భార్యా, కొడుకూ, బావమరిదీ, ఒక షూ దుకాణమూ, ఒక జిమ్మూ ఏకమై కొన్ని నెలలుగా ఉత్సాహపరుస్తున్నారు. తిడితే పడి ఉందును, అలిగితే బతిమాలుకుందును. ఉత్సాహపరిస్తే ఏం చేయాలో మా పెద్దలెవరూ నాకు నేర్పలేదు. అందుకే ఈ అర్జీ.

పూర్వాపరాలు మనవి చేసుకుంటాను. ఏటా చేయించే రక్తపరీక్షలో ఈసారి మూడు నెలల సగటు షుగర్ 6.1 అని తేలింది. 5.7 నుంచి 6.4 దాకా హెచ్చరిక, 6.5 తాకితే జబ్బు. నేను నడిమధ్యన ఉన్నాను. బళ్లో కూడా నాకెప్పుడూ నడిమధ్య మార్కులే వచ్చేవి కాబట్టి పెద్దగా కంగారు పడలేదు. డాక్టరుగారు మాత్రం చీటీ తీసి ‘రోజూ 45 నిమిషాలు నడక’ అని రాశారు. బీపీ మాత్రకైతే పొద్దున ఒకటి, తిన్నాక, అని వివరంగా రాస్తారు. దీనికి అవేమీ లేవు. “ఎన్నాళ్లు వాడాలి డాక్టరుగారూ?” అని అడిగాను. “జీవితాంతం” అన్నారు నవ్వుతూ. ఖూనీ చేసి యావజ్జీవం పడ్డవాడికైనా సత్ప్రవర్తన చూపిస్తే ఏ ఆగస్టు 15కో బయటపడే ఆశ ఉంటుంది. నా కేసులో ఆ వెసులుబాటు లేదు.

ఇంటికి వచ్చే ఆటోలోనే మా ఆవిడ వాళ్లమ్మకు ఫోన్ చేసింది. వాళ్లమ్మ వాళ్ల చెల్లెలికి చేసింది. నేను ఇల్లు చేరి ఫ్యాను కింద కూర్చునేసరికి కుటుంబ వాట్సాప్ గ్రూపులో అభినందనలు కుప్పపడి ఉన్నాయి. న్యూజెర్సీలో ఉన్న మా అన్నయ్య కొడుకు కండలు తిరిగిన చేయి బొమ్మ పెట్టి ‘కుమ్మేయ్ బాబాయ్’ అన్నాడు. బొబ్బిలి నుంచి మా పెద్దక్క దణ్ణం పెట్టే చేతులు పంపింది, ఎవరికో తెలియదు. తమరు ఒక్కటి గమనించాలి. అప్పటికి నేను ఒక్క అడుగు వేయలేదు. కాళ్లకున్న చెప్పులు కూడా విప్పలేదు.

న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఉన్నారు. ఆయనా, ఆయన బృందమూ 2009లో అచ్చువేసిన ప్రయోగాల ప్రకారం, నేను ఫలానా అవుతానని మనిషి అనుకున్న సంగతి పక్కవాళ్లకు తెలిసిపోయి వాళ్లు ‘ఓహో’ అన్నాక, దాని మీద అతను పెట్టే శ్రమ తగ్గుతుంది. అప్పుడే సగం అయిపోయిన తృప్తి లోపల పుట్టేస్తుంది. నాకు ఆ మధ్యాహ్నమే నిండుగా పుట్టింది. పప్పూ ఆవకాయా కలుపుకుని భోంచేసి పడుకున్నాను. దీనికి బాధ్యులెవరో తమరే తేల్చాలి.

తర్వాత మొదలుపెట్టడానికి రోజు చూశారు. “రేపే వెళ్తాను” అన్నాను, నిజంగానే అన్నాను. “రేపు అమావాస్యండీ” అంది మా ఆవిడ. ఆ మర్నాడు మంగళవారం. బుధవారం అనబోయేలోపు మా బావమరిది అడ్డుపడి “ఏ పనైనా సోమవారం మొదలుపెడితే ఊపు ఉంటుంది బావా” అన్నాడు. వాడి మాటకు అమెరికా ఆధారం ఉందని తర్వాత తెలిసి ఆశ్చర్యపోయాను. జిమ్ముకు వెళ్లేవాళ్లు వారం మొదట్లో, నెల మొదట్లో, కొత్త సంవత్సరంలో, పుట్టినరోజు గడిచాక పెరుగుతారని పెన్సిల్వేనియాలోని వార్టన్ పరిశోధకులు 2014లో లెక్కగట్టారు. పాత పద్దు కొట్టేసి కొత్త ఖాతా తెరిచినట్టు ఉంటుందట మనసుకు. పాపం అమెరికావాళ్లకు పంచాంగం లేదు, సోమవారాలతోనూ జనవరి ఒకటితోనూ సరిపెట్టుకుంటారు. మనకు ఉగాది ఉంది, అక్షయ తృతీయ ఉంది, విజయదశమి ఉంది, కార్తీకమాసం మొత్తంగా ఉంది. మధ్యమధ్య ఆగడానికి మూఢాలూ ఆషాఢాలూ ఉన్నాయి. మొదలుపెట్టడానికి ఇన్ని మంచిరోజులు చేతిలో ఉన్న జాతి ఇవాళే ఎందుకు మొదలుపెట్టాలో నాకు ఇప్పటికీ బోధపడలేదు.

వచ్చే సోమవారం లోపు షూ కొనాలన్నారు. దుకాణంలో కుర్రాడు “సార్, వాకింగ్‌కా, రన్నింగ్‌కా, జిమ్‌కా?” అన్నాడు. “మూడింటికీ పనికొచ్చేది లేదా బాబూ?” అంటే నా వంక జాలిగా చూసి, నా పాదాన్ని ఒక పలక మీద పెట్టించి, “మీది ఫ్లాట్ ఫుట్ సార్” అని ప్రకటించాడు. ఇన్నేళ్లుగా, పెళ్లిచూపుల్లో మా అత్తగారు కూడా పట్టుకోలేకపోయిన లోపం. దాంతో ఇంకో వెయ్యి పెరిగింది. ఇథియోపియాకు చెందిన అబెబె బికిలా 1960 రోమ్ ఒలింపిక్స్‌లో మారథాన్ మొత్తం వట్టి కాళ్లతో పరుగెత్తి బంగారు పతకం గెలిచాడు. ఆ ముక్క చెబుదామనుకున్నాను. ఈలోపు బావమరిది కార్డు గీకేశాడు, నా కార్డే.

ఇక ఆ సోమవారం. నాకు ఉత్సాహం లేకపోయిందని మా ఇంట్లో ఒక ప్రచారం ఉంది. అది శుద్ధ అబద్ధం. ఇంటి నిండా జనం పోసిన ఉత్సాహం తొణికిపోతూ, అయిదింటికి పెట్టిన అలారం మోగకముందే లేచి కూర్చున్నాను. పార్కులో అందరికంటే వేగంగా తిరిగాను. మున్సిపాలిటీవారు పసుపూ నీలమూ రంగులేసి నిలబెట్టిన ఓపెన్ జిమ్ యంత్రాల్లో ఒక్కదాన్నీ చిన్నబుచ్చలేదు. కాళ్లు ఊపేదాని మీద ఊగాను, నడుము తిప్పే చక్రం మీద తిరిగాను, కిర్రుమనే చేతుల యంత్రాన్ని లాగాను. బావమరిది ‘స్క్వాట్స్’ చేయమన్నాడు. చిన్నప్పుడు లెక్కల మాస్టారు తీయించిన గుంజీలే అవి, పేరు మారింది. చెవులు పట్టుకోనక్కర్లేదన్నమాటే గాని మోకాళ్లు అప్పుడెలా ఏడ్చాయో ఇప్పుడూ అలాగే ఏడ్చాయి.

ఫలితం మర్నాడు కొంత, ఆ మర్నాడు పూర్తిగా అందింది. అలవాటు లేని శ్రమ చేసిన కండరాలకు నొప్పి వెంటనే రాదు. 24 గంటల నుంచి 72 గంటల మధ్య పతాకస్థాయికి చేరుతుంది. “ల్యాక్టిక్ యాసిడ్ బావా, కొబ్బరినీళ్లు తాగు” అన్నాడు మావాడు. ఆ ఆమ్లం వ్యాయామం ఆపిన గంటా రెండు గంటల్లోనే రక్తంలోంచి తప్పుకుంటుంది. రెండో రోజు దాకా కాచుకుని కూర్చోదు. అసలు సంగతి కండరపు పోగుల్లో కంటికి కనిపించని గాయాలు, వాటి వాపు. అందులోనూ కండరం సాగుతూ బరువు మోసే పనులు, అంటే మెట్లు దిగడం, గుంజీలో కిందికి కూర్చోవడం లాంటివి, ఎక్కువ దెబ్బ తీస్తాయి. ఈ జ్ఞానం నాకు పుస్తకంలో దొరక్కముందే మా అపార్టుమెంటు మెట్ల మీద దొరికింది. మాది మూడో అంతస్తు. లిఫ్టు మరమ్మతులో ఉంది. ఇలాంటి రోజున ఉండక ఏం చేస్తుంది? రెయిలింగు రెండు చేతులా పట్టుకుని, పక్కకు తిరిగి, ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించుకుంటూ దిగుతుంటే, రెండో అంతస్తు మామ్మగారు, ఎనభై దాటినావిడ, పూలసజ్జ పట్టుకుని నన్ను దాటిపోతూ “నెమ్మది నాయనా” అన్నారు. ఆ రెండు రోజులూ వెస్టర్న్ కమోడ్ కనిపెట్టినవాడికి పూటపూటా దణ్ణం పెట్టుకున్నాను. దాని మీద కూర్చోవడమంటే కూడా చివరి జానెడు దూరం భగవంతుడి మీద భారం వేసి పడిపోవడమే.

ఇక్కడే నా అభియోగం అసలు ముక్క ఉంది, రికార్డు చేసుకోవాలి. ఆ రోజు నాకు ఉత్సాహం లేకపోయి ఉంటే పది నిమిషాలు కాళ్లీడ్చుకుంటూ తిరిగి వచ్చేసేవాణ్ణి. మర్నాడూ వెళ్లగలిగేవాణ్ణి. ఉత్సాహం ఉండబట్టే వారం రోజులు మంచం దిగలేదు.

నేను మంచం మీద ఉండగానే బెంగళూరు నుంచి మా అబ్బాయి ఒక గడియారం పంపాడు. “నాన్నా, రోజుకు పదివేల అడుగులు, మిస్ అవ్వద్దు” అన్నాడు. ఈ పదివేలు ఎవరు పెట్టిన కొలతో ఆరా తీశాను. ఏ వైద్యమండలీ కాదు. 1964లో టోక్యోలో ఒలింపిక్స్ జరిగిన ఊపులో, మరుసటి ఏడాది జపాన్‌లో యమసా అనే కంపెనీ నడుముకు కట్టుకునే అడుగుల మీటరు ఒకటి అమ్మకానికి పెట్టింది. దానికి ‘పదివేల అడుగుల మీటరు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టింది. అంటే అరవై ఏళ్ల కిందటి వ్యాపార ప్రకటనను నేను తెల్లవారుజామున మోస్తున్నానన్నమాట. హార్వర్డ్‌కు చెందిన ఐ-మిన్ లీ బృందం పెద్ద వయసు స్త్రీల మీద చేసి 2019లో ప్రకటించిన అధ్యయనం చూడండి. రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్లకంటే 4,400 వేసేవాళ్లలో మరణాలు బాగా తక్కువ. ఆ లాభం 7,500 దగ్గర ఇక పెరగకుండా ఆగింది. మిగిలిన 2,500 అడుగులు జపాన్ కంపెనీ ఖాతాలోకే. ఈ ముక్క ఫోన్లో చెబితే మా అబ్బాయి “సరే నాన్నా, అయితే 7,500 చెయ్యి” అన్నాడు. న్యాయం గెలిచినా శిక్ష పడే కేసు ఇది.

పైగా ఆ గడియారం సాక్ష్యం చెల్లదు. ఒకసారి దాన్ని చేతికి పెట్టుకుని మా ఆవిడ చపాతీ పిండి కలిపితే, అది ఆవిణ్ణి వీధి చివరిదాకా నడిపించింది. నేను రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని పార్కు చుట్టూ తిరిగితే సోఫాలో కూర్చున్నానంది. మా మేనకోడలి నిశ్చితార్థంలో పురోహితుడు లగ్నపత్రిక చదువుతుంటే, గదంతా నిశ్శబ్దం, అప్పుడు మణికట్టు మీద గిల్లి ‘లేచి నిలబడండి’ అంది. ఉలిక్కిపడి లేచాను. మగపెళ్లివారు ఏదో అభ్యంతరం ఉందేమోనని నా వంకే చూశారు.

“ఇరవై ఒక్క రోజులు ఓపిక పట్టు బావా, ఆ తర్వాత అదే అలవాటైపోతుంది” అని బావమరిది మరో బాణం వదిలాడు. ఈ ఇరవై ఒకటి కూడా దొంగ లెక్కే. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికా ప్లాస్టిక్ సర్జన్, ముక్కు సరిచేయించుకున్నవాళ్లు అద్దంలో తమ కొత్త మొహానికి అలవాటు పడడానికి కనీసం 21 రోజులు పడుతోందని గమనించి 1960లో ఒక పుస్తకంలో రాశాడు. ఆ ‘కనీసం’ దారిలో ఎక్కడో జారిపోయింది, ముక్కు నడకైపోయింది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందిని వెంబడించి చూస్తే, ఒక కొత్త పని దానంతటదే జరిగే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టేట్టు తేలింది. కొందరికి 18 రోజులు చాలు, కొందరికి 254 దాకా పడుతుంది. నేను ఏ కొసకు చెందినవాణ్ణో మా ఆవిడను అడగనక్కర్లేదు, ఆవిడే చెప్పింది. అదే అధ్యయనంలో ఒక చల్లని మాట కూడా ఉంది: మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోదు. ఈ వాక్యాన్ని పెద్ద అక్షరాలతో రాయించి ఫ్రిజ్ తలుపుకు అంటిద్దామన్నాను. “ఒక రోజు అని ఉందండీ అందులో” అంది.

కాళ్లు కుదుటపడ్డాక మళ్లీ పార్కుకు పంపారు. మా పార్కులో వ్యాయామం ఎంతమంది చేస్తారో చెప్పలేను గాని ప్రభుత్వాలు మాత్రం రోజుకు రెండు మూడు పడిపోతుంటాయి. రిటైరైన బ్యాంకు ఆఫీసర్లది ఒక జట్టు, ప్లాట్ల ధరలవారిది ఒకటి, అమెరికాలో మనవలున్నవారిది ఒకటి. ఒకాయన వెనక్కి నడుస్తాడు. ఆయన ఆరోగ్యానికి మంచిదే, ఎదురొచ్చేవాళ్ల ఆరోగ్యమే అటూ ఇటూ అవుతుంది. మూలన మర్రిచెట్టు కింద నవ్వుల క్లబ్బు. 1995లో ముంబయిలో మదన్ కటారియా అనే డాక్టరు అయిదుగురితో ఒక పార్కులో మొదలుపెట్టిన పని ఇది, ఇప్పుడు దేశదేశాల్లో ఉంది. తెల్లవారి ఆరింటికి పదిహేను మంది పెద్దమనుషులు చేతులు పైకెత్తి ఒక్కసారిగా ‘హహహ’ అంటే, కొత్తగా పార్కులో అడుగుపెట్టినవాడు తన ప్యాంటు చూసుకుంటాడు. నేను చూసుకున్నాను.

నడక సరైన జోరులో ఉందా లేదా తెలుసుకోవడానికి డాక్టర్లు చెప్పే తేలిక పరీక్ష ఒకటుంది. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. నాతో తిరిగే పక్కింటి శాస్త్రిగారు ఫోన్లో ఘంటసాల పాటలు పెట్టుకుని, ఒక్క గమకం కూడా తప్పకుండా, చివరి చరణం దాకా గొంతు కలుపుతారు. కాబట్టి వైద్యశాస్త్రం ప్రకారం ఆయన ఇన్నేళ్లుగా నడవలేదు. ఈ మాట ఆయనతో అనే ధైర్యం నాకు లేదు. వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది, అందులో పాటల నిమిషాలు తీసేయాలా అన్నది చెప్పలేదు.

పార్కు గేటు బయట ప్రకృతి రెండు దారులుగా చీలుతుంది. ఎడమ పక్క స్టీలు క్యాన్లలో రాగి జావ, ఉసిరి రసం, కాకరకాయ రసం, దొన్నెల్లో మొలకెత్తిన పెసలు. కుడి పక్క టిఫిన్ బండి. పెనం మీద పెసరట్టు తిరగేస్తే పచ్చిమిర్చీ అల్లమూ కాలిన వాసన రోడ్డు దాటి వచ్చి చేయి పట్టుకుంటుంది. కాకరకాయ రసం బండివాడికి చివరికి తన సరుకు తనే తాగాల్సి వస్తుందేమోనని భయం వేస్తుంది. నా బరువు మనిషి అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది 150 కేలరీల దగ్గర. నెయ్యి వేసిన పెసరట్టు, లోపల ఉప్మా, పక్కన కొబ్బరి చట్నీ, పైన ఒక కాఫీ కలిస్తే దానికి రెట్టింపు ఎప్పుడో దాటిపోతుంది. లెక్క సరిచూస్తే నేను నడవకుండా ఇంట్లో పడుకున్న రోజే దేశానికీ, నా నడుముకూ లాభం. ఈ వాదనను కూడా మా ఇంట్లో కొట్టేశారు, కారణాలు రికార్డు చేయకుండానే.

పార్కు లాభం లేదని జిమ్ములో చేర్పించారు. పేరు చెప్పను, ఫ్లెక్సీ మీద వాళ్లకు కావలసినంత ప్రచారం ఉంది. నెలకు కడతానన్నాను. “ఏడాదికి కడితే సగం రేటు అంకుల్, పైగా డబ్బు కట్టారని రోజూ వస్తారు, మోటివేషన్” అన్నాడు కౌంటరులో అబ్బాయి. ఈ సిద్ధాంతాన్ని అమెరికాలో పనిచేసే ఆర్థికవేత్తలు స్టెఫానో డెల్లావిన్యా, ఉల్రికె మాల్మెండియర్ పరీక్షకు పెట్టి 2006లో తమ వ్యాసానికి ‘జిమ్‌కు వెళ్లకుండా ఉండడానికి డబ్బు కట్టడం’ అనే అర్థం వచ్చే పేరే పెట్టారు. మూడు జిమ్ముల్లో 7,752 మంది హాజరు పట్టీ చూశారు. నెలసరి చందా కట్టినవాళ్లు నెలకు సగటున అయిదుసార్లు కూడా వెళ్లలేదు. లెక్కేస్తే ఒక్కో రాకకు 17 డాలర్లకు పైగా పడింది. పది సార్లకు పాసు కొనుక్కుని ఉంటే రాకకు 10 డాలర్లతో పోయేది. డబ్బు కడితే కాళ్లు కదులుతాయన్నది జిమ్ యజమానుల గట్టి నమ్మకం. సభ్యులు రోజూ వచ్చేస్తే ట్రెడ్‌మిల్లులు చాలవన్నది వాళ్ల అంతకంటే గట్టి నమ్మకం.

ట్రెడ్‌మిల్లు అంటే గుర్తొచ్చింది. 1818 ప్రాంతంలో విలియం క్యూబిట్ అనే ఇంగ్లీషు ఇంజనీరు జైలు ఖైదీలు ఊరికే కూర్చోకుండా ఉండాలని పెద్ద చక్రానికి మెట్లు అమర్చి, దాని మీద గంటల తరబడి ఎక్కించే యంత్రం చేశాడు. కొన్ని జైళ్లలో దాంతో పిండి ఆడించేవారు. కొన్నిచోట్ల ఏమీ ఆడేది కాదు, శిక్ష కోసమే తిరిగేది. 1895లో కఠిన శిక్ష పడ్డ ఆస్కార్ వైల్డ్ కూడా దాన్ని తొక్కాడు. మరీ క్రూరంగా ఉందని 1898 చట్టం తర్వాత దాన్ని మూలపడేశారు. బ్రిటిష్‌వారు ఖైదీలకు కూడా వద్దనుకున్నదాన్ని నేను ఏడాది చందా ముందే కట్టి, ఏసీలో, టవలు తెచ్చుకుని తొక్కుతున్నాను. ఎదురుగా గోడ మీద నిలువెత్తు విదేశీ కండలవీరుడి బొమ్మ. మా ఉత్తరాంధ్ర వీరఘట్టంలో పుట్టి, ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసులు ఊపిరి బిగించి తెంచిన కోడి రామ్మూర్తి నాయుడిగారి బొమ్మ ఉందా అని అడిగాను. “ఏ జిమ్ అంకుల్ ఆయనది?” అన్నాడు ట్రైనరు. 2000లో సిడ్నీ నుంచి కంచు పతకం తెచ్చిన మా ఆముదాలవలస అమ్మాయి కరణం మల్లీశ్వరి గురించి అడిగే ఓపిక లేక ఊరుకున్నాను. ఆ ట్రైనరుకు నేనెంత రొప్పినా “సూపర్ అంకుల్, ఇంకొక్కటే” అనడం తప్ప వేరే మాట రాదు. ఆ ఒక్కటి ఎన్నడూ ఒక్కటి కాలేదు.

జిమ్ కార్డు పర్సులో మూలపడ్డాక కొత్త చట్టం తెచ్చారు. నాకు రాత్రి తొమ్మిది గంటల టీవీ చర్చ లేకపోతే అన్నం సయించదు. అది మా ఆవిడకు తెలుసు కాబట్టి టీవీ కట్టేసి, “పొద్దున నడుస్తూ ఫోన్లో వినండి, కూర్చుని వింటే ఒప్పుకోను” అంది. ఈ ఎత్తు కూడా పుస్తకాల్లో ఉందట. పైన చెప్పిన సోమవారాల పరిశోధకుల్లో ఒకరైన క్యాథరీన్ మిల్క్‌మన్, ఉత్కంఠ రేపే నవలల ఆడియోను జిమ్‌లో మాత్రమే వినగలిగేలా తాళం వేసి చూస్తే మొదట్లో హాజరు 51 శాతం పెరిగింది. నాకూ పెరిగింది. అధికార ప్రతినిధి నోరు తెరిస్తే నా వేగం హెచ్చేది, ప్రతిపక్షం అడ్డు తగిలితే మలుపు దగ్గర ఎవరినో ఒకరిని గుద్దేవాణ్ణి. కాని అమెరికాలో ఆ ఊపు పోనుపోను తగ్గి, థాంక్స్‌గివింగ్ సెలవులు రాగానే నీరుగారిపోయింది. మాకు సంక్రాంతి వచ్చింది. బొబ్బిలి వెళ్లాం. మా పెద్దక్క దణ్ణం పెట్టే చేతులతోనే అరిసెలూ సున్నుండలూ పెట్టింది. తిరిగొచ్చాక చర్చలు వినబుద్ధి కాలేదు. ఎవరు ఓడినా నాకొకటే అనిపించింది.

ఆ తర్వాత జరిగినదాన్ని తమరు జాగ్రత్తగా వినాలి, నా అర్జీకి బలం అదే. మాకు పాల ప్యాకెట్లు వేసే కుర్రాడిది ములుగు వైపు ఊరు. మేడారం జాతరకని వెళ్లాడు, అమ్మవార్లకు బెల్లం మొక్కు చెల్లించుకుని అటునుంచి అటే చుట్టాల ఇళ్లకు తిరుగుతూ ఉండిపోయాడు. పొద్దున కాఫీకి పాలు లేవు. పాల కేంద్రం మెయిన్ రోడ్డు అవతల, ఫ్లైఓవర్ కింద నుంచి వెళ్లాలి. నేను లేచాను, చెప్పులేసుకున్నాను, సంచీ తీసుకుని వెళ్లొచ్చాను. మర్నాడూ వెళ్లాను, ఆ మర్నాడూ. ఎవరూ కుమ్మేయమనలేదు. గడియారం ఛార్జింగులో ఉంది. షూ పెట్టెలో ఉంది. నాకు ఉత్సాహం ఉందో లేదో నన్ను నేనే అడగలేదు. పాలు లేనిదే కాఫీ లేదు, కాఫీ లేనిదే పేపరు చదవలేను, అంతే. కొన్నాళ్లకు మెట్లు దిగుతూ పూలసజ్జ మామ్మగారిని దాటేశాను.

కుర్రాడు తిరిగొచ్చేశాడు. ప్యాకెట్లు మళ్లీ గుమ్మానికే వచ్చి పడుతున్నాయి. మళ్లీ నాకు ఉత్సాహం కావలసి వస్తోంది. మళ్లీ బావమరిది వస్తున్నాడు, ఈసారి సైకిలు అంటున్నాడు.

మా నాన్నగారు తాలూకా ఆఫీసులో గుమాస్తా. ఇంటి నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి సంతకు, సంత నుంచి ఇంటికి నడిచేవారు. ఆయనలో ఉత్సాహం ఉందని ఎవరూ ఎన్నడూ అనలేదు. విసుగు ఉండేది, అది చాలా ఉండేది. ఆ విసుగుతోనే జీవితమంతా నడిచారు. నాకు పిత్రార్జితంగా విసుగు పుష్కలంగా వచ్చింది, దాన్ని వాడుకోనివ్వడం లేదన్నదే నా గోడు.

కాబట్టి ప్రార్థించేదేమనగా: నాకు సరఫరా అవుతున్న ఉత్సాహాన్ని తక్షణం నిలిపివేయించాలి. పాల కుర్రాడికి మా ఇల్లు మరిచిపొమ్మని ఉత్తర్వులివ్వాలి. అతని కమీషను నేనే భరిస్తాను. కరివేపాకు, కొత్తిమీర, ఇస్త్రీ బట్టలు, మందుల చీటీ వగైరా ఇంటి పనులు ఒక్కసారిగా చెప్పకుండా, నేను తిరిగొచ్చి కూర్చున్నాక ఒక్కొక్కటే గుర్తు చేసుకోవాలని మా ఆవిణ్ణి ఆదేశించాలి. ఇది ఆవిడకు కొత్తేమీ కాదు, ఇన్నాళ్లూ నేనే అపార్థం చేసుకుని కేకలు మనసులో వేసుకున్నాను. వెళ్లొచ్చాక “ఎన్ని అడుగులైంది?” అని ఎవరూ అడగరాదు; “చిల్లర ఇచ్చాడా?” అని అడగవచ్చు. బావమరిది సైకిలు ప్రతిపాదన మీద స్టే ఇప్పించాలి. జిమ్‌లో మిగిలిన నెలలను ట్రైనరు పేరనే బదిలీ చేసినా నాకు అభ్యంతరం లేదు.

ఈ కాగితం కలెక్టరేటులో సోమవారం ప్రజావాణిలో ఇద్దామని ఉంది. అందుకు మంచి రోజేనని బావమరిది కూడా ఒప్పుకున్నాడు. ముట్టినట్టు రసీదు మాత్రం పోస్టులోనూ ఫోన్లోనూ పంపవద్దని మనవి. వచ్చి తీసుకెళ్లమనండి, మొదటిసారి వచ్చినప్పుడు సంతకం చేసేవారు లేరని, రేపు రమ్మని చెప్పినా నేనేమీ అనుకోను.

ఇట్లు,
తమ విధేయుడు,
మూడో అంతస్తు, లిఫ్టు పక్క ఫ్లాటు.